పద్నాలుగో పేజీ

మార్చి 2, సోమవారం

మళ్ళీ పై అంతస్తుకి వెళ్ళొచ్చాను. ఒట్టి చేతులే. నమోదు విభాగంలో కిటికీ పక్కన కూర్చునే ఆయనకి నేను పెట్టుకున్న పేరు రేపు గుమాస్తా. ఏమడిగినా తల ఎత్తడు, "రేపు చూద్దామండీ" అంటాడు. తిట్టినా బాగుండును, నేనూ నాలుగు దులిపేదాన్ని. ఇరవై ఏళ్ళుగా అదే భవనంలో, అవే మెట్ల కింద, రికార్డు రూములో దుమ్ము పీలుస్తున్న మనిషిని. నాకూ రేపే. బయటివాళ్ళకి ఎల్లుండి అంటాడేమో.

అమ్మ కాగితం కోసం ఈ తిరుగుడంతా. అమ్మ ఇస్లాం తీసుకుని ఆరేళ్ళయింది. మతం, పేరు మారినట్టు ప్రభుత్వం గుర్తించే కాగితానికి దరఖాస్తు పెట్టి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ అది రాలేదని అమ్మ బెంగపడలేదు. పైవాడికి తెలుసులే, పై అంతస్తువాళ్ళకి తెలియకపోతే నాకేం అని నవ్వేసేది. ఇప్పుడు కావలసి వచ్చింది.

కిందటి వారం అత్త వచ్చి చెప్పింది. అత్తంటే రక్తసంబంధం కాదు. కుట్టు దుకాణంలో అమ్మ పక్క మిషను ఆవిడ. ముప్పై ఏళ్ళు మోచెయ్యీ మోచెయ్యీ తగిలేలా కూర్చుని కుట్టారు. ఆవిడ పుట్టుకతోనే ముస్లిం, అమ్మ అప్పటికి కాదు, అయినా వదినా అంటే వదినా అని పిలుచుకునేవాళ్ళు. అలా నాకు అత్తయింది. నన్ను కోడలా అంటుంది. అత్తా, ఆవిడ కొడుకూ ఈ ఏడాది హజ్ యాత్రకి వెళ్తున్నారు. ఆ బృందంలో అమ్మకీ చోటు ఉంచారు. మిగతా కాగితాలన్నీ ఉన్నాయి. పుట్టుకతో కాక తరవాత మతంలోకి వచ్చినవాళ్ళు మాత్రం ప్రభుత్వ గుర్తింపు చూపించాలట. ఈ నెల ముప్పై ఒకటిలోగా.

అమ్మ మోకాళ్ళ సంగతి డాక్టరు కిందటి నెలే తేల్చేశాడు. అంత నడక ఈ ఏడాదైతే నడవగలదట. వచ్చే ఏడాదికి ఆయన మాట ఇవ్వలేడట.

యాత్రలో వేసుకోవడానికి అమ్మ అప్పుడే ఒకే తానులోంచి రెండు తెల్ల గౌన్లు కత్తిరించి పెట్టింది, ఒకటి తనకి, ఒకటి అత్తకి. కాగితం చేతికి రాకుండానే కత్తెర పెట్టేస్తే ఎలా అని విసుక్కున్నాను. వింటేగా.

రేపు గుమాస్తా ఇవాళ చెప్పింది ఒకటే ముక్క. ఫైలులో అభ్యంతరం ఉంది, అది తేలేదాకా కాగితం రాదు. ఎవరు పెట్టారట అని అమ్మ అడిగింది. చెప్పరన్నాను. ఇంకెవరు, మీ మావయ్యే అంది. మావయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మ మతం మారిన రోజు నుంచి మా గడప తొక్కలేదు.

నేను కింద పడ్డ తెల్ల పీలికలు ఏరాను.

మార్చి 3, మంగళవారం

వెళ్ళాను. రేపన్నాడు.

మార్చి 4, బుధవారం

ఈ రోజు రేపు గుమాస్తా తల ఎత్తాడు. ఎత్తకపోయినా బాగుండేది. ఏడాది దాటిన పెండింగు ఫైళ్ళన్నీ కిందికి పంపేస్తాం కదమ్మా, మీ గదిలోనే ఉంటుంది చూసుకోండి అన్నాడు. ఓహో, అలాగా అన్నాను. ఎంత చక్కగా అన్నానో.

తెలుసు. మూడో వరస, కింది అర, ఎడమ నుంచి ఆరోది. పోయిన ఏడాది అది కిందికి వచ్చినప్పుడు పుస్తకంలో ఎక్కించుకుంది నేనే. ప్రతి శనివారం దాని మీద దుమ్ము దులిపేదీ నేనే.

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. నాకు నేను నాటకమాడుకోవడం ఎందుకు? రాసేస్తాను. ఆ అభ్యంతరం పెట్టింది నేను.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున ఆఫీసు మెట్ల దగ్గర నోటీసు బోర్డు ముందు నలుగురు మూగి ఉన్నారు. ఏమిటా అని తల దూర్చాను. అమ్మ ఫోటో. పాత పేరు, కొత్త పేరు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో తెలపాలని. టైపు చేసే అమ్మాయి నా వైపు చూసి చటుక్కున చూపు తిప్పుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. తల కొట్టేసినట్టయింది. అమ్మ నమాజు చెయ్యడం నాకు కొత్త కాదు, అప్పటికి నాలుగేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. కానీ దరఖాస్తు పెట్టినట్టు నాకు చెప్పలేదు. నేను పనిచేసే భవనంలో, సరిగ్గా నా నెత్తి మీది అంతస్తులో పెట్టి, నాకు చెప్పలేదు. అత్తకి చెప్పింది. సాక్షి సంతకం అత్తది. మూడేళ్ళ కాపురం చెడి పుట్టింటికి వచ్చేసిన నాటి నుంచి నాకున్నది అమ్మ ఒక్కతే, అమ్మకి మాత్రం నేనొక్కదాన్నే కాదు. ఇంటికెళ్ళి నిలదీస్తే, "చెబితే మొహం మాడ్చుకుంటావు కదే" అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. కన్నకూతురికి నోటీసు బోర్డు చెప్పాలా?

మర్నాడు తెల్లకాగితం తీసుకుని రాశాను. దరఖాస్తుదారుకి కొంతకాలంగా మతిస్థిమితం లేదని, తన మంచిచెడ్డలు తాను తెలుసుకోలేని స్థితిలో ఇతరుల ఒత్తిడికి లోబడిందని. మాకు ఇష్టం లేదని రాస్తే వారంలో కొట్టేస్తారు. మతిస్థిమితం అంటే ఫైలు కదలదు. ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళు మోస్తున్నదాన్ని, ఆ మాత్రం తెలుసు. తెలిసిందంతా అమ్మ మీద వాడాను.

కోపం చల్లారాక వెనక్కి తీసుకుందామనుకున్నాను. నెలకే చల్లారింది. అమ్మ అడగడం లేదు కదా, తొందరేముంది అనుకున్నాను. రేపు అనుకున్నాను.

మార్చి 6, శుక్రవారం

అమ్మ మావయ్య ఇంటికి వెళ్ళొచ్చింది. బస్సు దిగి అంత దూరం ఆ మోకాళ్ళతో నడిచి, గుమ్మంలోనే నిలబడి, భార్యాపిల్లల ముందు ఆయన్ని కడిగేసిందట. ఆరేళ్ళ తరవాత తమ్ముడితో మాట్లాడిన మొదటి మాటలు అవి. వచ్చి కుర్చీలో కూలబడి చాలాసేపు ఆయాసపడింది. వాడు ఒక్క మాటా అనలేదే, తప్పు చేసినవాడు కాబట్టే తల దించుకున్నాడు అంది.

నేను వంటింట్లో గిన్నె తోముతున్నాను. తోమిందే తోమాను.

మార్చి 7, శనివారం

మావయ్య రికార్డు రూముకి వచ్చాడు. మనిషి బాగా వంగిపోయాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మీ అమ్మ నా మాట నమ్మదు. నువ్వైనా చెప్పమ్మా. ఒళ్ళు మండి మాట్లాడటం మానేసిన మాట నిజమే. ఇప్పటికీ మండుతూనే ఉంది. కానీ చాటుగా కాగితాలు పెట్టే రకాన్ని కాదు నేను. నా కోపమేదో మొహం మీదే చూపిస్తాను" అన్నాడు.

అలాగే చెబుతాను మావయ్యా అన్నాను. ఆయన నిలబడ్డ చోటికి ఫైలు నాలుగడుగుల దూరం.

ఆయన వెళ్ళాక విపరీతంగా కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆయన మీదే అని సరిపెట్టుకున్నాను. ఆరేళ్ళు అక్క మొహం చూడనివాడా నాకు నీతులు చెప్పేది!

మార్చి 9, సోమవారం

అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నానని రాసి పైకి పట్టుకెళ్ళాను. రేపు గుమాస్తా చదివాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ చదివాడు. రెండేళ్ళ కిందట ఆ కుర్చీలో వేరే ఆయన ఉండేవాడు, అందుకని ఈయనకి ఇవాళే తెలిసింది. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండును.

మామూలు అభ్యంతరమైతే ఈ కాగితంతో సరిపోయేదట. మతిస్థిమితం అన్నాను కాబట్టి విచారణ జరగాలట. అమ్మా నేనూ ఇద్దరం అధికారిణి ముందుకి రావాలి. ఆవిడ ఎదురుగా నా కాగితం నేనే చదివి, నిజమో కాదో చెప్పాలి. నేనే రాసి నేనే కాదంటుంటే మళ్ళీ విచారణ ఏమిటండీ అని గొంతు పెంచాను.

"మతి లేదన్నదీ మీరే, ఉందన్నదీ మీరే. ఏది నమ్మాలో తేల్చాలి కదమ్మా" అన్నాడు.

ఇన్నాళ్ళలో ఆయన సబబుగా మాట్లాడింది ఇదే మొదటిసారి. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

విచారణ పద్దెనిమిదిన. ఉత్తర్వుకి వారం. యాత్ర జాబితాకి ఆ ఉత్తర్వు నకలు చాలట. ముప్పై ఒకటిలోగా అయిపోతుంది. అయిపోతుంది. ఇంటికి వచ్చే నోటీసులో అభ్యంతరం ఎవరిదో పేరు ఉండదట. ఈలోగా నేనే అమ్మకి చెప్పేస్తాను.

మార్చి 10, మంగళవారం

భోజనాల వేళ అందరూ బయటికి వెళ్ళాక గొళ్ళెం పెట్టి ఫైలు తీశాను.

పద్నాలుగో పేజీ. కుడివైపు పైమూల ఎర్ర సిరాతో సున్నా చుట్టి, లోపల పద్నాలుగు. చేతిరాత నాదే. పై అంతస్తువాళ్ళు అంకెలు వెయ్యకుండా పంపిస్తే, కిందికి వచ్చిన రోజున ఇరవై మూడు పేజీలకీ నేనే వేశాను. అట్ట మీద మొత్తం ఇరవై మూడు అని రాసి సంతకం పెట్టాను. నా చేతి కిందికి వచ్చిన ఏ ఫైలులోనూ ఒక్క కాగితం పోయింది లేదు. ఈ భవనంలో నాకున్న మంచిపేరు అదొక్కటే. ఏ విభాగంలో ఏ కాగితం పోయినా నన్ను చూసి నేర్చుకోమంటారు.

ఇప్పుడు ఈ పేజీ లాగేస్తే పదమూడు తరవాత పదిహేను. ఒక్క పేజీ తగ్గినా ఫైలు చెడినట్టే, దరఖాస్తు మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి. అంకెలు దిద్దుదామని పదిహేను మీద బ్లేడు పెట్టి గీకాను. సిరా కాగితంలోకి ఇంకిపోయింది, గీకితే కాగితమే లేస్తోంది. నేను చేసిన వెధవ పనికి నేనే అంకె వేసి, సున్నా చుట్టి, సంతకం పెట్టి, ప్రతి శనివారం దుమ్ము దులిపి కాపాడుకున్నాను. ఇలాంటి తెలివితక్కువ పని రికార్డు రూమువాళ్ళే చెయ్యగలరు.

ఫైలు ఉన్నచోటే పెట్టేశాను.

మార్చి 11, బుధవారం

ఇవాళ చెబుదామనుకున్నాను. అమ్మ మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించి పెట్టమంది. ఎక్కించాను. చెప్పలేదు.

మార్చి 12, గురువారం

అమ్మ యాత్రకి నడక అలవాటు చేసుకుంటోంది. పొద్దున్నే లేచి వీధిలోకి వెళ్తుంది. రోజుకో ఇల్లు ఎక్కువ నడుస్తుంది. ఇవాళ పదకొండో ఇంటి దాకా వెళ్ళొచ్చానే, నీలం గేటు వాళ్ళది అని వచ్చి చెప్పింది. మోకాళ్ళకి నూనె రాస్తూ చెప్పేద్దామనుకున్నాను. అంత సంతోషంగా ఉన్నప్పుడు ఏం చెబుతాం.

మార్చి 13

చెప్పలేదు. తలనొప్పి.

మార్చి 14, శనివారం

నోటీసు వచ్చింది. అమ్మ నాచేత చదివించుకుంది. అభ్యంతరదారు సమక్షంలో అన్న చోట ఆపి, అంటే వాడూ వస్తాడా అంది. వస్తారు అన్నాను. అది అబద్ధం కాదు.

అమ్మ పేరు ఉన్న చోట గొణిగి దాటేశాను. ఆ కొత్త పేరు ఆరేళ్ళలో నా నోట ఒక్కసారి రాలేదు. రావలసిన అవసరం ఏముంది? అమ్మని అమ్మ అనే కదా పిలుస్తాను. పిల్లలెవరైనా కన్నతల్లిని పేరు పెట్టి పిలుస్తారా? అమ్మ కూడా ఎప్పుడూ అడగలేదు. నేను దాటేసినప్పుడు నా మొహం వంక ఒకసారి చూసిందంతే.

మార్చి 15, ఆదివారం

చెప్పలేదు. అత్త వచ్చింది. అత్త ముందు ఎలా చెప్పేది?

మార్చి 16

అత్త రాలేదు. చెప్పలేదు.

మార్చి 17, మంగళవారం

తెల్లారితే విచారణ. పొయ్యి దగ్గర నిలబడి, అమ్మా, నీతో ఒక మాట అన్నాను. చెప్పవే అంది. రేపు గొడుగు పట్టుకెళ్దామా అన్నాను. ఎండగానే ఉంది కదే అంది.

మార్చి 18, బుధవారం

అధికారిణి సెలవు. ఆ ముక్క చెప్పడానికి మమ్మల్ని మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. వాయిదా ఇరవై ఆరుకి.

నిజం రాసుకుంటున్నాను, ఊపిరి పీల్చుకున్నాను. బతికిపోయాను అనుకున్నాను. మెట్లు దిగుతూ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాను. ఇరవై ఆరుకి వారం కలిపితే ఏప్రిల్. అమ్మని బస్సెక్కించి మళ్ళీ పైకి పరిగెత్తాను. రేపు గుమాస్తా మీద అరిచాను, సెలవు పెట్టేవాళ్ళు ముందు చెప్పి చావచ్చు కదా అని. అందరూ పనులు ఆపి చూశారు. ఆయన మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. వారం రోజుల ఉత్తర్వుని మూడు రోజుల్లో చేయిస్తానన్నాడు. తాగకుండానే వచ్చేశాను.

అమ్మ బస్సు ఎక్కేముందు అన్నది కూడా రాసుకోవాలి. వాడు మొహం చెల్లక రాలేదు చూశావా అంది.

మార్చి 22, ఆదివారం

రెండు గౌన్లూ పూర్తయ్యాయి. అత్తా అమ్మా వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు. అత్త గౌను కింద పొడుగైంది, అమ్మ గౌను భుజాల దగ్గర బిగుతైంది. ముప్పై ఏళ్ళు ఊరందరికీ కుట్టి మనవి మనకే కుదరలేదు వదినా అని పొట్ట పట్టుకుని నవ్వారు. వెళ్ళేముందు అత్త నన్ను గుమ్మం బయటికి పిలిచింది.

"నువ్వా ఆఫీసులోనే కదా కోడలా, కాస్త గట్టిగా అడగవే. మీ అమ్మ పక్కన లేకపోతే అంతమందిలో నేనెవరితో నడవాలి?"

అడుగుతున్నాను అత్తా అన్నాను.

మార్చి 24, మంగళవారం

యాత్ర ఏర్పాట్లు చూసే ఆయన దగ్గరికి వెళ్ళాను. నాలుగు రోజులు గడువు ఇవ్వమని బతిమాలాను. మంచి మనిషి, కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. జాబితా ముప్పై ఒకటి సాయంత్రం పైకి వెళ్ళిపోతుంది, తరవాత తన చేతిలో ఏమీ ఉండదన్నాడు. రెండేళ్ళ కిందటే దరఖాస్తు పెట్టారు కదా, ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగాడు. ఆఫీసు సంగతి తెలిసిందే కదండీ అన్నాను.

అమ్మకి ఇంకా చెప్పలేదు.

మార్చి 26, గురువారం

ఇదీ రాసుకోవాలి.

విచారణ గదిలో ఒక పెద్ద బల్ల, గోడవారగా కుర్చీలు, ఆ చివర టైపు చేసే అమ్మాయి. అధికారిణి నాకంటే చిన్నది, జలుబు చేసి రుమాలు చేతిలోనే పెట్టుకుంది. నేనూ అమ్మా పక్కపక్కన కూర్చున్నాం. అమ్మ తలగుడ్డ సర్దుకుని గుమ్మం వైపే చూస్తోంది. వాడింకా రాలేదేమే అని నా చెవిలో అంది. అక్కడైనా చెప్పాల్సింది. రెండు నిమిషాలుంది. చెప్పలేదు.

అభ్యంతరదారు ముందుకి రావాలని అధికారిణి అంది. లేచాను. అమ్మ నేను మంచినీళ్ళకి లేచాననుకుంది.

"నాకూ ఓ గ్లాసు పట్రావే" అంది.

బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వెనక్కి తిరగలేదు. అధికారిణి ఫైలు నా వైపు తిప్పి పద్నాలుగో పేజీ తీసింది. చదవమంది. మొదలుపెట్టాను. టైపు అమ్మాయి వినిపించడం లేదంది. విచారణలో చెప్పింది చెవులతో విని టైపు చెయ్యడమే ఇక్కడి పద్ధతి, కాగితం చూసి కొట్టకూడదు. గట్టిగా చదవండి అంది అధికారిణి. గట్టిగా చదివాను. దరఖాస్తుదారుకి కొంతకాలంగా మతిస్థిమితం లేదు. మిషను టకటకలాడింది. అది ఆగేదాకా ఆగాను. తన మంచిచెడ్డలు తాను తెలుసుకోలేని స్థితిలో ఉంది. మళ్ళీ ఆగాను. పది నిమిషాల్లో రాసిన కాగితం, చదువుతుంటే ఎంతకీ అయిపోదే.

ఇది నిజమా అని అడిగింది. అబద్ధం అన్నాను. మరెందుకు రాశారంది. కోపమొచ్చి అన్నాను. మిషను ఆ మాట కూడా కొట్టింది. దరఖాస్తుదారు మతిస్థిమితం గురించి ఇప్పుడేమంటారంది. నాకంటే స్థిమితంగా ఉందన్నాను. 'నాకంటే' అక్కర్లేదు, అది తీసెయ్యమని టైపు అమ్మాయికి చెప్పింది. అంతసేపూ దరఖాస్తుదారు అనే అన్నాను. అమ్మ అనలేదు. ఆ పేరూ అనలేదు.

అప్పుడు అధికారిణి అమ్మ వైపు తిరిగి, అభ్యంతరదారుని మీరేమైనా అడగాలా అంది.

"అడగాల్సిందేం లేదండీ" అంది అమ్మ. "ఆవిడ చదవటం అయిపోయిందేమో కనుక్కోండి, నేను వెళ్ళాలి."

ఆవిడ. ఈ నలభై ఒక్క ఏళ్ళలో అమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. ఆవిడ అని మాత్రం ఎప్పుడూ అనలేదు.

మెట్ల దగ్గర చెయ్యి అందించాను. పట్టుకోలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. ఇంటికి రాలేదు, అట్నుంచి అటే మావయ్య ఇంటికి వెళ్ళిందట. సాయంత్రం మావయ్యే రెక్క పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఆరేళ్ళ తరవాత మా గడప తొక్కాడు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. నేను తేలు కుట్టిన దొంగలా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మార్చి 28

నా భోజనం కంచంలో పెట్టి మూత వేసి ఉంచింది. మాట లేదు.

మార్చి 29

మాట లేదు. అమ్మా, నోటీసు బోర్డు చూసిన రోజున నాకెలా ఉందో నీకేం తెలుసు అని గోడతో అన్నాను. అమ్మతో అనే ముఖం లేదు.

మార్చి 31, మంగళవారం

ఉత్తర్వు టైపు అయింది. సంతకం కాలేదు. అధికారిణి వేరే ఊరు తనిఖీకి వెళ్ళింది. రేపు గుమాస్తా పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఆవిడ గది దాకా వెళ్ళొచ్చాడు, నేనే చూశాను. సాయంత్రం ఐదింటికి నా దగ్గరికి వచ్చి, రేపు అన్నాడు. రేపు ఏప్రిల్.

జాబితా వెళ్ళిపోయింది.

ఎవరి వల్ల ఎన్ని రోజులు పోయాయో ఒక కాగితం మీద వేసి చూశాను. అధికారిణి సెలవు, ఎనిమిది. తనిఖీ, మూడు. నా వల్ల, రెండేళ్ళు. ఆ కాగితం చింపేశాను.

ఏప్రిల్ 3, శుక్రవారం

సంతకం అయింది. అభ్యంతరం కొట్టేశారు, దరఖాస్తు ఒప్పుకున్నారు. ముద్ర వేసిన అసలు కాగితం అచ్చయి రావడానికి నెల పైన పడుతుందట. ఇంటికొచ్చి చెప్పాను. ఊఁ అంది. ఎనిమిది రోజుల్లో నాతో అన్నది అదే. అన్నట్టేనో కాదో.

ఏప్రిల్ 12

అమ్మ పొద్దుటి నడక మానేసింది. ముప్పై రెండో ఇంటి దాకా వెళ్ళిందట. నాకు పక్కింటావిడ చెప్పింది.

ఏప్రిల్ 25

మాట లేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి కూడా మాట లేదు, ఉప్పు డబ్బా నా ముందు నుంచి తీసి పక్కన పెట్టింది.

మే 4, సోమవారం

అత్త వాళ్ళు బయల్దేరారు. వీధి చివర బస్సు ఆగింది. అందరూ సామాన్లు ఎక్కిస్తున్నారు. అమ్మ ఒక పొట్లం తీసుకొచ్చి అత్త సంచిలో పెట్టింది. అత్త విప్పి చూసింది. అమ్మ గౌను. భుజాలు వదులు చేసి ఉంది.

"ఒక్క రోజు ఇది వేసుకుని నడువు వదినా. నేను నడిచినట్టే" అంది అమ్మ.

అత్త అమ్మని పట్టుకుని బావురుమంది. అమ్మ ఏడవలేదు. అత్త నా వైపు కూడా వచ్చింది. ఆవిడకి అంతా తెలుసు, అమ్మ ఆవిడకి చెప్పకుండా ఉంటుందా. నా తల మీద చెయ్యి వేసి, మీ అమ్మని చూసుకో కోడలా అంది. చెంప మీద కొట్టినా బాగుండును.

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాం. అప్పుడు అమ్మ అటే చూస్తూ అంది.

"వచ్చే ఏడాదికి నీ మోకాళ్ళిస్తావా?"

ఇస్తానన్నాను. అది వినాలని అడిగింది కాదు. అప్పటికే ఇంటి వైపు తిరిగింది. నీ మోకాళ్ళు అంది. నీ అంది, అదైనా అంది.

మే 12, మంగళవారం

రేపు గుమాస్తా తానే మెట్లు దిగి వచ్చి కవరు నా బల్ల మీద పెట్టాడు. ఆలస్యమైపోయింది కదమ్మా అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఇన్నాళ్ళూ ఆయన మీద పడి ఏడవడం ఎంత హాయిగా ఉండేదో.

కవరు విప్పాను. మందపాటి కాగితం, కింద ముద్ర. అలవాటు కొద్దీ పైమూల అంకె వెయ్యడానికి ఎర్ర కలం తీశాను. మళ్ళీ సొరుగులో పడేశాను.

ఇంటికెళ్ళేసరికి అమ్మ ఎవరిదో చొక్కా కుడుతోంది. కాగితం మిషను బల్ల మీద పెట్టాను. ముట్టుకోలేదు. కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, నువ్వు చదువు అంది. కళ్ళజోడు నెత్తి మీదే ఉంది.

నిలబడి చదవడం మొదలుపెట్టాను. పేరు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతట అదే కిందికి దిగిపోయింది, నోటీసు చదివిన రోజు లాగానే. అమ్మ మిషను ఆపింది.

"ఆ రోజు అది గట్టిగా చదివావుగా. ఇదీ అంతే గట్టిగా చదువు."

మళ్ళీ మొదటి నుంచి చదివాను. పేరు వచ్చిన చోట పేరు చదివాను. కాగితంలో నాలుగు చోట్ల ఉంది. నాలుగు చోట్లా చదివాను. మూడోసారికి తడబడ్డాను, అయినా అమ్మ ఆపమనలేదు. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసి ఏమైందని అడిగింది. ఏం లేదు, మా అమ్మాయి నా కాగితం చదువుతోంది అంది అమ్మ.

కింద సంతకం దాకా చదివి ఆపాను.

"తేదీ కూడా" అంది.

తేదీ చదివాను. ఇవాళ్టిదే. అత్త వాళ్ళు వెళ్ళి ఎనిమిది రోజులు.